ముట్టుకున్న పావు

కినేష్మ, 3 జనవరి 1954

నా చిట్టితల్లి రిమ్మాకు,

పిన్ని దీవెనలు. నేతమిల్లులో మా షెడ్డు ఆడవాళ్ళందరూ తలవంచి నమస్కారాలు చెప్పమన్నారు. దేశం మొత్తానికి జరిగే ఆడవాళ్ళ చదరంగం పోటీలో మన వీధి పిల్ల తుది వరసకు చేరిందని గోడపత్రికలో రాశారు. పేరు తప్పు రాశారనుకో, అయినా సంతోషమే. మాస్కోలో చలి ఎలా ఉంది? హోటల్లో వేడినీళ్ళు వస్తున్నాయా? ఉన్ని మేజోళ్ళు తొడుక్కో, వేదిక మీద నీ కాళ్ళు చూసేవాళ్ళెవరూ ఉండరు.

ఇక అసలు సంగతి. నావల్ల ఒక పొరపాటు జరిగింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంతసేపూ చలి గురించి రాశాను.

నిన్న గది దులుపుతూ మీ బాబాయి చదరంగం బల్ల దగ్గరికి వచ్చాను. ఆయన యుద్ధానికి వెళ్ళినప్పటినుంచీ ఆ బల్లను ఎలా తుడుస్తున్నానో నీకు తెలుసు. బాతు ఈకతో, పావుల సందుల్లోంచి, ఊపిరి బిగబట్టి. నిన్న చెయ్యి తూలింది. నీ తెల్ల గుర్రం పడబోతే పిడికిట్లో పట్టుకున్నాను. ఉన్నచోటే మళ్ళీ పెట్టాను గాని మనసు కుదుటపడలేదు. ఆయన మాట గుర్తుందిగా, ముట్టుకుంటే కదపాల్సిందే. చిన్నపిల్లవని కూడా చూడకుండా నిన్ను ఏడిపించి మరీ కదిపించేవాడు.

ఊళ్ళో మిగతా మగవాళ్ళు సైన్యంలోకి వెళ్తూ రొట్టె ఒక కొరుకు కొరికి, తిరిగొచ్చి తింటామని మిగతాది దేవుడి పటం వెనక దాచిపెట్టారు. ఈయనగారు పార్టీ మనిషి, పటం దగ్గరికి వెళ్ళాలంటే నామోషీ. అందుకని నీతో ఆడుతున్న ఆట సగంలో వదిలి లేచాడు. "సగం ఆట మిగిలినవాణ్ణి తూటా తాకదు, మీరెవరూ కదపకండి" అన్నాడు. తర్వాత సైన్యం నుంచి వచ్చిన కాయితంలో జాడ తెలియలేదని ఉంది గాని చనిపోయాడని లేదు. రొట్టె కొరికినవాళ్ళలో కొందరు తిరిగొచ్చి తిన్నారు కూడా.

అలాంటి ఆటను నేను ముట్టుకున్నాను. ఏం చెయ్యాలో రాయి. మరో మాట. బాయిలరు చూసే తెరెంతి సవ్విచ్ మళ్ళీ అడిగాడు. వసంతంలో అతన్ని కొత్త ఆనకట్ట పనికి పంపుతున్నారు, పెళ్ళి చేసుకుని తనతో రమ్మంటాడు. ఆ ఆట తేలాక చెప్తానన్నాను. నవ్వకు.

నీ గ్లాషా పిన్ని


మాస్కో, 7 జనవరి

పిన్నీ,

మేజోళ్ళు తొడుక్కున్నాను. నవ్వాను కూడా, క్షమించు.

నువ్వు చేసిన తప్పేమీ లేదు. బాబాయి లేచి వెళ్ళేటప్పుడు ఎత్తు వెయ్యాల్సింది నేనే. ఆ బల్ల మీద ఏ పావు ఎక్కడుందో నాకు ఇప్పటికీ కంఠస్థం. నా తరఫున నువ్వు గుర్రాన్ని ముట్టుకున్నావు, అంతే. ఆయన చట్టం ప్రకారమే కదుపుదాం, నీ మనసూ శాంతిస్తుంది. నీకు ఆట రాదు కాబట్టి బల్లను మగ్గం అనుకో. నా వైపు నుంచి బాబాయి వైపుకు పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. గుర్రాన్ని పడుగులో రెండు గడులు ముందుకు, పేకలో ఒక గడి పొయ్యి వైపుకు పెట్టు.

ఇక్కడ మొదటి ఆట గెలిచాను, రెండోది ఎటూ తేలలేదు. మా ఎత్తులన్నీ గోడమీద పెద్ద బల్లల మీద చూపిస్తారు. జనం గుసగుసలు మొదలుపెడితే నిశ్శబ్దం అని రాసిన దీపం వెలుగుతుంది. మన మిల్లు ఆడవాళ్ళను ఇక్కడ కూర్చోబెడితే ఆ దీపం మాడిపోతుంది.

తెరెంతి సవ్విచ్ సంగతి. ఎదుటి ఆటగాడు లేకుండా ఆట ఎలా తేలుతుంది పిన్నీ? అది తేలాక చెప్తాననడం వద్దని చెప్పడమే కదా. మంచి మనిషి. నువ్వు ఈ ఏడు కూడా ఆ గదిలో ఈక పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

రిమ్మా


కినేష్మ, 11 జనవరి

రిమ్మా,

కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే గుర్రాన్ని పెట్టాను. పట్టపగలు, ఆదివారం. టీ పోసుకుందామని కెటిల్ అందుకోవడానికి వెనక్కి తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి నల్ల ఏనుగు ఉన్నచోట లేదు. పేకలో రెండు గడులు పక్కకు జరిగి ఉంది. దాని పాత గడిలో దుమ్ము లేని గుండ్రటి మచ్చ ఒకటి మిగిలింది. తలుపుకు గొలుసు వేసే ఉంది.

తర్వాత చిటికెన వేలి కొసతో ఏనుగు తల తాకాను. అది నా పావు కాదు గనక ఆ చట్టం నాకు వర్తించదనుకున్నాను. పొదుగుతున్న గుడ్డులా వెచ్చగా ఉంది.

భయపడ్డానా అంటే పడ్డాను. కాని భయం కన్నా సంతోషం ఎక్కువ, ఎందుకు దాచాలి? రొట్టె తినడానికి మనిషి వచ్చాడు. ఇప్పుడు ఎత్తు నీదట కదా. ఆలస్యం చెయ్యకు, ఆయనకు ఓపిక తక్కువ.

పిన్ని


మాస్కో, 14 జనవరి

పిన్నీ,

నాకు కోపంగా ఉంది, నీ మీద కాదు. నువ్వు కెటిల్ కోసం ఉమ్మడి వంటింట్లోకి వెళ్ళావు. నీ గది తాళంచెవి నడవాలో మేకుకు వేలాడుతుందని ఆ అంతస్తులో అందరికీ తెలుసు. ఆట తేలితే పెళ్ళని ఎవరికి చెప్పావు? తెరెంతి సవ్విచ్‌కి. ఆట తేలాలంటే ఎవరో ఒకరు నల్ల పావులు కదపాలిగా. బాయిలరు ఇంటి మనిషి చేతిలో ఏనుగు వెచ్చగా కాక చల్లగా ఉంటుందా? మంచివాడనుకున్నాను. పోయిన మనిషి పావులతో నాటకమాడి పెళ్ళి చేసుకోవాలనుకోవడం నీచం, ఆ మాట అతనికి చదివి వినిపించు.

ఒక్కటే అర్థం కాలేదు. ఆ ఎత్తు మంచిది. కొట్టడానికి వీలున్న పావును కొట్టకుండా పక్కకు తప్పుకోవడం బాబాయి పద్ధతి. అతనికి ఎవరో నేర్పి ఉండాలి. చూద్దాం. నా మంత్రిని పడుగులో ఆఖరి గడి దాకా వెనక్కి లాగు. ఈసారి తాళంచెవి మెడలో వేసుకో.

నిన్న ఓడిపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నీ ఏనుగు మీద నెపం పెట్టడం లేదు, కాని ఆట మధ్యలో అదే కళ్ళముందు మెదిలింది.

రిమ్మా


కినేష్మ, 18 జనవరి

రిమ్మా,

చదివి వినిపించమన్నావు, వినిపించాను. తెరెంతి సవ్విచ్ టోపీ చేతుల్లో తిప్పుతూ చివరిదాకా విన్నాడు. ఆ సాయంత్రమే బాయిలరు సామాను కోసం యారోస్లావ్‌ల్ బండెక్కాడు. మూడు వారాలు అక్కడే ఉంటాడట. నోటికొచ్చినట్టు రాయడానికి నీకు ఎంతసేపు పట్టింది? అతని ముఖం చూడాల్సి వచ్చింది నేను.

పైగా నేను వంటింట్లోకి వెళ్ళానని నీకెవరు చెప్పారు? కెటిల్ గదిలోనే, నా పొయ్యి మీదే ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం మీ బాబాయి దగ్గరే నేర్చుకున్నావు.

అతను వెళ్ళాక నీ మంత్రిని వెనక్కి లాగాను. తాళంచెవి మెడలోనే ఉంది, కొత్త తాళం కూడా వేశాను. మిల్లు నుంచి వచ్చి చూస్తే నల్ల రాజు పక్కనున్న బంటు ఒక గడి ముందుకొచ్చింది. ఆయన కుర్చీ బల్ల నుంచి కాస్త వెనక్కి జరిగి ఉంది, మోకాళ్ళకు చోటు కావాలని ఆయన జరుపుకునేంత. పిల్లి ఆ కుర్చీ చుట్టూ తిరిగి వెళ్తోంది.

ఇప్పుడు రెండు కప్పులు పెడుతున్నాను. క్యాబేజీ సూపు కూడా ఇద్దరికి కాస్తున్నాను. ఆయన తినడు, కాని గిన్నె పెట్టకపోతే బాగుండదు.

ఒకటి మాత్రం మనసులో ముల్లులా ఉంది. పదహారేళ్ళు కాపురం చేశాను. మీరిద్దరూ ఆ బల్లకు చెరోపక్క, నేను పొయ్యి దగ్గర స్టూలు మీద మీ మేజోళ్ళు అల్లుతూ. నాకూ నేర్పమని ఒకసారి అడిగితే, నీకు కుదరదులే గ్లాషా అన్నాడు. ఇప్పుడు కూడా వచ్చి ఆడుతున్నది నీతోనే, నేను మీ ఇద్దరికీ పావులు మోసే మనిషిని. అయినా వచ్చాడు, అది చాలు. ఎత్తు రాసి పంపు.

పిన్ని


మాస్కో, 22 జనవరి

పిన్నీ,

తెరెంతి సవ్విచ్ నుంచి యారోస్లావ్‌ల్ ముద్రతో కార్డు వచ్చింది. "గుర్రం ఎటు దూకుతుందో నాకు తెలియదు. మీ పిన్ని ఎటు దూకుతుందోనని మాత్రం భయంగా ఉంది, ఆమెను ఒంటరిగా వదలకండి" అని రాశాడు. ఆ కార్డు చదివాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బంటు కదిలిన రోజు అతను అక్కడ లేడు.

అయితే ఎవరు కదిపారని నేనిక అడగను. ఒక మాట చెప్తాను, కోప్పడకుండా విను. బతికున్న మనిషి తలుపు తట్టి వస్తాడు. బూట్లు విప్పుతాడు, సూపు తాగుతాడు, ఇంత ఉప్పేమిటని తిడతాడు. తాళం వేసిన గదిలోకి వచ్చి పావులు జరిపేవాడు బతికి లేడు పిన్నీ. వచ్చినవాడు బాబాయే అని నువ్వు నమ్మితే, ఆయన పోయాడని కూడా నమ్మాలి. రెంటిలో ఒకటే నమ్ముతానంటే కుదరదు.

బల్ల గీసుకుని చూశాను. ఆ బంటు కదలడంతో నల్ల రాజు తప్పించుకునే దారి మూసుకుపోయింది. నా తెల్ల ఏనుగును పడుగులో చివరిదాకా తోస్తే ఆటకట్టు. బాబాయి ఇంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. తనే కావాలని దారి మూసుకున్నాడేమో. ఆయనకు అలసటగా ఉందేమో. ఆ ఎత్తు వెయ్యి పిన్నీ, ఆయన్ని వెళ్ళనివ్వు. తర్వాత తెరెంతి సవ్విచ్‌కి సరేనను.

వచ్చే గురువారం నా ఆఖరి ఆట, త్బిలిసి నుంచి వచ్చిన కేతెవాన్‌తో. గెలిస్తే మూడో స్థానం.

నీ రిమ్మా


మాస్కో, 29 జనవరి

పిన్నీ,

నీ జవాబు రాలేదు. ఇది ఇంకెవరికీ చెప్పలేక నీకే రాస్తున్నాను.

నిన్న ఆట మధ్యలో బంటు కదపాలని చెయ్యి చాచాను. బాగా ఆలోచించి, ఎత్తు మనసులో ఖాయం చేసుకుని చాచాను. చెయ్యి వెళ్ళి ఏనుగు మీద వాలింది. తూలి వాలలేదు. చిన్నప్పుడు మణికట్టు పట్టుకుని అక్షరాలు దిద్దించినట్టు, ఎవరో తీసుకెళ్ళి దానిమీద పెట్టారు. ముట్టుకున్నాను, కదిపాను. హాల్లో గుసగుసలు లేచి దీపం వెలిగింది. నేను పిచ్చి ఎత్తు వేశాననుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. గెలిచే దారి ఆ బల్ల మీద అదొక్కటేనని అందరికీ తెలియడానికి చాలాసేపు పట్టింది. కేతెవాన్ ఓటమి ఒప్పుకుంది.

మెట్లు దిగుతుంటే ఆమె నన్ను ఆపింది. "మీ వెనకాల నిలబడ్డ ఆయన ఎవరు? ఆటగాళ్ళ వెనక ఎవర్నీ నిలబడనివ్వరు కదా, మీ శిక్షకుడా?" అని అడిగింది. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు.

మూడో స్థానం వచ్చింది. మెడలో పతకం వేస్తుంటే అది నాది కాదని చెప్పాలనిపించింది. కుడిచెయ్యి ఇప్పటికీ చల్లగానే ఉంది.

రిమ్మా


కినేష్మ, 30 జనవరి

రిమ్మా,

నువ్వు చెప్పిన ఎత్తు వెయ్యలేదు, వెయ్యను. ఏనుగు ఉన్నచోటే ఉంది. మనుషులు తలుపులోంచి వస్తారని నాకు నేర్పుతున్నావా? యుద్ధం ముగిసిననాటి నుంచీ ఆ తలుపు వంక చూస్తున్నది నువ్వా నేనా? ఈ మనిషి తలుపు మర్చిపోయి ఉండొచ్చు. ఎక్కడెక్కడ తిరిగాడో, ఏం పడ్డాడో మనకేం తెలుసు? ఒకరి రొట్టె ఇంకొకరు తినెయ్యమంటే తినేస్తారా? అలసిపోయాడని రాశావు. అలసిపోతే కూర్చోమను, కుర్చీ వేసే ఉంది.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆయన కూడా బెంగపడినట్టున్నాడు. గురువారం అసలు రాలేదు. ఆ రోజు నాకు మిల్లు లేదు, పొద్దుటినుంచీ ఎదురుగా కూర్చున్నాను. కుర్చీ ఉత్త కుర్చీగా ఉంది. పిల్లి వెళ్ళి హాయిగా దానిమీద పడుకుంది. గది వెచ్చగా ఉంది, ఎప్పుడూ లేనంత ఖాళీగా ఉంది.

శుక్రవారం వచ్చాడు. పిల్లి ఒక్క ఉదుటున దూకి పారిపోయింది. కుర్చీ కింద నేల తడిసి ఉంది. ఎంతో దూరం మంచులో నడిచొచ్చిన బూట్లు కరిగితే అయ్యేంత తడి. గుడ్డతో తుడిచాను. ఎక్కడికి వెళ్ళావని అడిగాను కూడా.

పిన్ని


కినేష్మ, 3 ఫిబ్రవరి

రిమ్మా,

నీ ఇరవైతొమ్మిదో తేదీ ఉత్తరం అందింది. పతకం వచ్చినందుకు సంతోషం. ఎక్కడికి వెళ్ళాడో ఇప్పుడు తెలిసింది.

అంత మంచులో మాస్కో దాకా నడిచి నీ చెయ్యి పట్టుకున్నాడు. ఇక్కడ కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్న నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వెయ్యలేదు. సూపు కాచాను, కప్పు కడిగాను, నేల తుడిచాను. నీ తప్పేమీ లేదని తెలుసు. తెలిసినా కడుపు మండింది, రాయకుండా ఉండలేను.

ఆ కోపంలోనే బల్ల దగ్గరికి వెళ్ళి నీ తెల్ల ఏనుగును చివరిదాకా తోశాను. తీసుకో, నీ ఆట నువ్వు ఆడుకున్నావు, ఇక నన్ను వదులు అన్నాను. నల్ల రాజు నేను చూస్తుండగానే ఒరిగాడు. ధబీమని పడలేదు. నిద్రపోయిన పిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు, చప్పుడు లేకుండా ఒరిగాడు.

అప్పుడు ఏడ్చాను. ఆ కాయితం వచ్చిననాడు కూడా ఇలా ఏడవలేదు. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని, తపాలా ఆఫీసుకు వెళ్ళి, వస్తానని తెరెంతి సవ్విచ్‌కి తంతి ఇచ్చాను. ఇక ఈ బల్ల సంగతి నాకు రాయకు.

పిన్ని


మాస్కో, 5 ఫిబ్రవరి

పిన్నీ,

నీ ముప్పయ్యో తేదీ ఉత్తరం హోటల్ వాళ్ళు ఇవాళ ఇచ్చారు. గురువారం గది ఖాళీగా ఉందని రాశావు. గురువారమే కదా నా ఆట.

ఏనుగును తొయ్యమన్నది నేనే. ఇప్పుడు వద్దంటున్నాను, నువ్వు వెయ్యకపోవడమే మంచిదైంది. అలాగే ఉండనీ. ఆయన పోయాడని నీకు నూరిపోసిన నాకే, ఇప్పుడు ఆయన్ని పంపించాలంటే చెయ్యి రావడం లేదు. ఆ వేళ్ళు నాకు గుర్తున్నాయి పిన్నీ. నా కోసం వేరే ఎత్తు వెయ్యి, ఆట ఇంకొంతకాలం నడిచే ఎత్తు. ఏదో ఒకటి ఆలోచించి రేపు పంపుతాను. ఎల్లుండి బండెక్కనా? ఇద్దరం అటూ ఇటూ కూర్చుందాం.

రిమ్మా


కినేష్మ, 8 ఫిబ్రవరి

రిమ్మా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆట అయిపోయింది.

తెరెంతి సవ్విచ్ నిన్న వచ్చాడు. పావులు పెట్టుకోవడానికి తనే ఒక చెక్కపెట్టె చేసి తెచ్చాడు. మూత లోపల మెత్తటి గుడ్డ కూడా అంటించాడు. వీటిని కూడా మనతో తీసుకెళ్దాం, పారెయ్యడం పాపం అన్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంటుందేమో అన్నాను. నవ్వుకున్నాం. అతని కోటు తగిలించడానికి ఇద్దరం తలుపు వైపు తిరిగాం.

మళ్ళీ బల్ల వైపు తిరిగేసరికి పావులన్నీ వాటి వాటి గడుల్లో నిలబడి ఉన్నాయి. మొదటి ఎత్తుకు ముందు ఉన్నట్టు, రెండు వరసలూ. పొయ్యి దగ్గరుండే నా స్టూలు బల్ల ముందుకు వచ్చి ఉంది. తెల్ల పావులు స్టూలు వైపున్నాయి.

తెరెంతి సవ్విచ్ స్టూలు వంకా ఎదుటి కుర్చీ వంకా చూశాడు. తర్వాత, శవం ఉన్న ఇంట్లో తీసినట్టు, టోపీ తీసేశాడు. "గ్లఫీరా ఇగ్నాత్యెవ్నా, మీ ఇంట్లో మగమనిషి ఉన్నాడు. నేను రాకూడని ఇంటికి వచ్చాను" అన్నాడు, నా పూర్తి పేరుతో పిలిచి. ఎదుటి కుర్చీకి వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు. మంచి మనిషి, అతనికి అన్యాయం చేశాను.

నువ్వు రాసిందే నిజం. బతికున్నవాడు తలుపు తట్టి వస్తాడు. మీ బాబాయి చనిపోయాడు. ఆ మాట మొదటిసారి నా చేత్తో రాస్తున్నాను. నువ్వు కోరింది ఇదే కదా, ఒప్పుకున్నాను. కాని పదహారేళ్ళ కాపురంలో ఒక్కనాడూ పిలవని మనిషి ఇప్పుడు నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. నిన్ను కాదు, నన్ను. ఎలా వెళ్ళకుండా ఉంటాను?

మిల్లుకు సెలవు చెప్పాను. గదిలో చలి పెరిగింది, పొయ్యి ఎంత ఎగదోసినా బకెట్టులో నీళ్ళ మీద మంచుపొర కడుతోంది. పిల్లిని పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. శాలువా కప్పుకుని స్టూలు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. ఎదుటి కుర్చీలో నాకేమీ కనిపించదు, కాని ఒక మనిషి ఓపిగ్గా కూర్చున్న సంగతి తెలుస్తూనే ఉంది. ఆయనకు ఇంత ఓపిక ఎప్పుడూ లేదు.

ముందు వరస బంటు మొదటిసారి ఒక గడి వెళ్ళాలా, రెండు వెళ్ళొచ్చా? గుర్రం సంగతి తర్వాత రాద్దువు గాని, ముందు ఇది రాయి. పడుగూ పేకా అని రాస్తే నాకు అర్థమవుతుంది.

బండెక్కుతానన్నావు. రావద్దు తల్లీ. ఇది మా ఇద్దరి ఆట.

గ్లఫీరా